అంబులెన్సు సమయానికి రాని చోట సీపీఆర్ నేర్పించి ప్రయోజనం ఉందా?

నడిరేయి
మూడు వారాల క్రితం మా కార్యాలయంలో నాకు రెండు కుర్చీల అవతల కూర్చునే సహోద్యోగి మాట్లాడుతూ మాట్లాడుతూనే బల్ల మీదికి ఒరిగిపోయారు. ఆయన వయసు 46. మేము ఆయన్ను నేల మీద పడుకోబెట్టాము. ఒకరు ముఖాన నీళ్లు చల్లారు, ఇద్దరు అరికాళ్లూ అరచేతులూ రుద్దారు, నేను చొక్కా గుండీలు విప్పాను. గొంతులోంచి గురకలాంటి శబ్దం ఆగి ఆగి వస్తూ ఉండటంతో ఊపిరి ఆడుతున్నదని అందరమూ ధైర్యం తెచ్చుకున్నాము. అంబులెన్సుకు ఫోను చేస్తే వాహనం దూరంలో ఉందన్నారు. కారు వెనుక సీట్లో పడుకోబెట్టి మేమే తీసుకువెళ్లాము. ఆసుపత్రి చేరేసరికి పాతిక నిమిషాలు దాటింది. ఆ శబ్దం దారిలో ఎక్కడ ఆగిపోయిందో, ఆయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకే తెలియలేదు.

ఇప్పుడు సిబ్బంది అందరికీ సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీని నొక్కుతూ, అవసరమైతే నోటిలోకి ఊపిరి ఊదుతూ చేసే ప్రథమ చికిత్స, నేర్పించాలని నేను పట్టుపడుతున్నాను. పై అధికారి ఒకరు, "అంబులెన్సు అరగంటకు వచ్చే దేశాల్లో ఛాతీ నొక్కి ఏం సాధిస్తాం? ధనిక దేశాల పద్ధతులు మనకు పనికిరావు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. వర్ధమాన దేశాల్లో ఆసుపత్రి బయట గుండె ఆగిన మనిషి బతకడానికి నిజంగా ఎంత అవకాశం ఉంది? ఆ అవకాశాన్ని పెంచేది ఏది? తెలిసినవారు దయచేసి చెప్పండి.

గణాంకదీపం
ఆ అధికారి మాటలో సగం నిజం ఉంది, అందుకే అది అంత బలంగా వినిపిస్తుంది. ముందు అంకెలు చూద్దాం. జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, తైవాన్, మలేసియా, థాయ్‌లాండ్, దుబాయ్, ఈ ఏడు చోట్ల 2009 నుంచి 2012 వరకు ఆసుపత్రి బయట గుండె ఆగిన 66,780 మంది వివరాలను ఒకే పద్ధతిలో నమోదు చేసిన పారోస్ అధ్యయనం 2015లో వెలువడింది. ప్రాణాలతో ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినవారు ఒక చోట 0.5 శాతమే ఉంటే, మరొక చోట 8.5 శాతం ఉన్నారు. పక్కనున్నవారు సీపీఆర్ మొదలుపెట్టిన సందర్భాలు కూడా అలాగే 10.5 శాతం నుంచి 40.9 శాతం వరకు మారాయి. చైనా దేశవ్యాప్త నమోదులో బతికినవారు నూటికి ఒకరి దగ్గరే ఆగారు. అమెరికాలో అది నూటికి సుమారు పది.

ఈ తేడాను చూసి చాలామంది "వాళ్లకు యంత్రాలున్నాయి, మనకు లేవు" అని సరిపెట్టుకుంటారు. కానీ డెన్మార్క్ కథ వేరే మాట చెబుతుంది. అక్కడ 2001లో నూటికి 3.5 మందే 30 రోజుల తరువాత బతికి ఉన్నారు. అది కూడా ధనిక దేశమే, అక్కడా ఆసుపత్రులూ అంబులెన్సులూ అప్పటికే ఉన్నాయి. బడిలోనూ, డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే సమయంలోనూ సీపీఆర్ తప్పనిసరి చేసి, ఇంకా అనేక మార్పులు తెచ్చిన ఆ దశాబ్దంలో, పక్కనున్నవారు సీపీఆర్ చేసిన సందర్భాలు 21 శాతం నుంచి 45 శాతానికి పెరిగాయి. 2010 నాటికి బతికినవారు 10.8 శాతమయ్యారు. పెరుగుదల అంతా సీపీఆర్ వల్లనే వచ్చిందని ఎవరూ అనరు, కానీ దానిని పక్కన పెట్టి ఆ పెరుగుదలను వివరించడమూ సాధ్యం కాదు.

వాననీటిచుక్క
చర్చ ముందుకు వెళ్లేలోపు ఒక స్పష్టత అవసరం. గుండెపోటూ గుండె ఆగిపోవడమూ ఒకటి కావు. గుండెపోటు వచ్చిన మనిషి నొప్పి ఎక్కడ ఉందో చేత్తో చూపించగలడు. గుండె ఆగిన మనిషి కొద్ది క్షణాల్లోనే స్పృహ కోల్పోతాడు. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు. నడిరేయి గారు చెప్పింది రెండోది.

రాత్రిడ్యూటీ
నేను అత్యవసర విభాగంలో పదకొండేళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. నడిరేయి గారూ, మీరు విన్న ఆ గురక శ్వాస కాదు. మన పెద్దలు దానిని ఎగశ్వాస అంటారు. గుండె ఆగాక మెదడు అడుగుభాగం చేసే చివరి ప్రయత్నం అది. నోరు తెరుచుకుంటుంది, గడ్డం పైకి లేస్తుంది, గాలి ఒక్కసారి గుటకలా లోపలికి వెళ్తుంది, మళ్లీ చాలాసేపు ఏమీ ఉండదు. గుండె ఆగినవారిలో చాలామందికి మొదటి నిమిషాల్లో ఇది కనిపిస్తుంది. చూస్తున్నవారు దానిని ఊపిరి అనుకుని ఛాతీ మీద చెయ్యి వేయరు. మీరు పొరపడ్డారని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. శిక్షణ పొందినవారు కూడా పొరపడతారు. నిజానికి ఎగశ్వాస ఉన్నవారికే బతికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే మెదడుకు ఇంకా కొంత ప్రాణం మిగిలి ఉందని దాని అర్థం.

మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది కారులోనో ఆటోలోనో ఇద్దరి మధ్య కూర్చుని వస్తారు. మెడ ముందుకు వాలి శ్వాసమార్గం మూసుకుపోయి ఉంటుంది. "ఎప్పుడు పడిపోయారు?" అని అడిగితే, "ఇప్పుడే, దారిలోనే" అంటారు. వేళ్ల గోళ్ల రంగు చూస్తే ఆ "ఇప్పుడే" ఎంతసేపటి కిందటిదో మాకు అర్థమవుతుంది.

నిక్కచ్చి
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. గుండె లయ తప్పి వణుకుతున్న స్థితిలో దానిని తిరిగి గాడిలో పెట్టేది విద్యుత్ షాక్ మాత్రమే. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుందని పాఠ్యపుస్తకాలే చెబుతున్నాయి. సీపీఆర్ చేస్తే ఆ తగ్గుదల 3, 4 శాతానికి మందగిస్తుంది. అంటే సీపీఆర్ సమయాన్ని కొనిపెడుతుంది. కొన్న సమయంలో రావలసినవారు రాకపోతే ఆ కొనుగోలు వృథాయే కదా? పది నిమిషాలకు షాక్ అందే ఊళ్లో సీపీఆర్ ప్రాణదానం. నలభై నిమిషాలకు కూడా అందని చోట అది చూసేవారి మనశ్శాంతికే తప్ప పడిపోయినవారికి కాదు.

హృద్రోగ మరణాల్లో మూడు వంతులకు పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరిమితమైన డబ్బు ఉన్న ప్రభుత్వం దానిని రక్తపోటు మాత్రలకూ, పొగాకు మాన్పించడానికీ, వాహనాలకూ ఖర్చు చేస్తే ఎక్కువమంది బతుకుతారన్నది నా నిశ్చితాభిప్రాయం. గుండె ఆగిన తరువాత పరుగెత్తడం కంటే ఆగకుండా చూడటం మేలు.

పచ్చగడప
నిక్కచ్చి గారితో చాలావరకు ఏకీభవిస్తాను. మా ఇంట్లో ఇద్దరికి రక్తపోటు ఉందని పడిపోయిన రోజు వరకు ఎవరికీ తెలియదు.

గణాంకదీపం
నిక్కచ్చి గారి లెక్క తప్పు కాదు, కానీ ఆ లెక్కలో రెండు విషయాలు చేరలేదు. స్వీడన్‌లో ఎవరో ఒకరు చూస్తుండగా గుండె ఆగిన 30,381 మందిని పరిశీలిస్తే, అంబులెన్సు రాకముందే సీపీఆర్ అందినవారిలో 10.5 శాతం, అందనివారిలో 4 శాతం 30 రోజుల తరువాత బతికి ఉన్నారు. ఇది 2015లో ప్రచురితమైంది.

రెండోది, ఖరీదైన వైద్యం మీద మనకున్న నమ్మకానికి సంబంధించినది. కెనడాలోని ఆంటారియోలో అప్పటికే వేగంగా షాక్ ఇచ్చే ఏర్పాటు ఉన్న పట్టణాల్లో, అంబులెన్సు సిబ్బందికి గొంతులో గొట్టం వేయడమూ నరానికి మందులు ఎక్కించడమూ అదనంగా నేర్పించి చూశారు. బతికినవారు మునుపు 5.0 శాతం, తరువాత 5.1 శాతం. ఈ ఫలితం 2004లో వచ్చింది. 2018లో బ్రిటన్‌లో 8,014 మందిపై జరిగిన పరీక్షలో గుండెను ఉత్తేజపరిచే మందైన అడ్రినలిన్ ఇచ్చినవారిలో 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం బతికారు, కానీ మెదడు బాగా కోలుకుని బయటపడినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద దేశం ముందుగా దేనికి ఖర్చు చేయాలన్న ప్రశ్నకు ఇందులో కొంత జవాబు ఉంది. తొలి నిమిషాల్లో నొక్కే చేతులూ, త్వరగా అందే షాకూ ముందు రావాలి. మిగతావన్నీ ఆ తరువాతే.

నిక్కచ్చి
స్వీడన్‌లో ఆ చేతుల తరువాత అంబులెన్సు వచ్చింది. నా ఆక్షేపణ అక్కడే ఉంది, దానికి జవాబు రాలేదు.

తీరంగాలి
దానికి నేను జవాబు చెబుతాను. నిక్కచ్చి గారు గుండె ఆగిన ప్రతి మనిషికీ షాక్ కావాలన్నట్టు మాట్లాడుతున్నారు. నీట మునిగిన పిల్లవాడి గుండె లయ తప్పి ఆగదు, ఊపిరి అందక ఆగుతుంది. ఉరి, గొంతులో ఏదైనా అడ్డుపడటం, పాముకాటుతో శ్వాస కండరాలు చచ్చుబడటం, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి. వీటిలో షాక్ పాత్ర తక్కువ, గాలి పాత్ర ఎక్కువ. నీట మునిగి చనిపోయేవారిలో అత్యధికులు అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే. అంబులెన్సు వస్తుందా రాదా అన్న ప్రశ్న పుట్టకముందే, గట్టు మీద ఉన్న మనిషి ఇచ్చే మొదటి ఐదు శ్వాసలు ఆ బిడ్డకు మొత్తం వైద్యం కావచ్చు.

నేను ఈత నేర్పుతాను. ఒకసారి ఏడేళ్ల పిల్లను నీటిలోంచి తీసినప్పుడు ఆమె పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. నీళ్లు కక్కించడానికి పిల్లను తలకిందులుగా వేలాడదీయబోతుంటే ఆపి, గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోటిలోకి ఊదాను. ఛాతీ కొద్దిగా లేవడం కనిపించింది. ఆ తరువాత నొక్కడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు నొక్కానో గుర్తు లేదు. ఉన్నట్టుండి ఆమె దగ్గి నా చెయ్యి మీద కక్కింది. ఇప్పుడు ఆ అమ్మాయి కళాశాలలో చదువుతోంది. అక్కడికి అంబులెన్సు వచ్చేసరికి ఆమె ఏడుస్తూ కూర్చుని ఉంది.

రాత్రిడ్యూటీ
తీరంగాలి గారు చెప్పింది చాలా ముఖ్యం. తలకిందులు చేయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం వల్ల సమయం పోతుంది, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దయచేసి ఎవరూ అలా చేయకండి.

బడిగంట
మరి నోటితో ఊదనక్కరలేదు, చేతులతో నొక్కితే చాలు అని చెబుతున్నారు కదా? భారతీయ మత్తువైద్యుల సంఘం 2017లో సామాన్యుల కోసం ఛాతీ నొక్కడం ఒక్కటే ఉండే పద్ధతిని రూపొందించిందని చదివాను. రెంటిలో ఏది నేర్పాలి?

రాత్రిడ్యూటీ
పెద్దవారు కళ్లముందే ఉన్నపళంగా కుప్పకూలితే చేతులతో నొక్కడం చాలు. వారి రక్తంలో అప్పటికి కొన్ని నిమిషాలకు సరిపడా ప్రాణవాయువు ఉంటుంది, దానిని మెదడుకు చేర్చడమే మీ పని. ఆ పద్ధతిని రూపొందించిన ఉద్దేశం కూడా మంచిదే. నోటితో ఊదడానికి జంకి అసలు చెయ్యే వేయకుండా నిలబడిపోయేవారి కోసం అది పుట్టింది. పిల్లలకూ, నీట మునిగినవారికీ మాత్రం ఊదడం రావాలి. ముప్ఫై నొక్కులకు రెండు శ్వాసలు. గంట సమయమే ఉంటే నొక్కడం నేర్పండి, రెండు గంటలుంటే రెండూ నేర్పండి.

సైరన్‌మోత
అంబులెన్సులో పని చేసేవాణ్ని. మేము ఆలస్యంగా వస్తామన్నది నిజం. ఎందుకు ఆలస్యమవుతుందో కూడా వినండి. మనిషి పడిపోయిన తరువాత బంధువులు ముందు బంధువులకు ఫోను చేస్తారు, ఆ తరువాత తెలిసిన వైద్యుడికి, ఆ తరువాత మాకు. మాకు పిలుపు అందేసరికే ఐదారు నిమిషాలు గడిచి ఉంటాయి. చిరునామా చెప్పడంలో ఇంకో రెండు నిమిషాలు. అప్పుడు కదలాలి వాహనం. దారి ఇవ్వనివారి సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

నా దృష్టిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఫోను అందుకున్న మనిషికి శిక్షణ ఇవ్వడం. అడగవలసినవి రెండే ప్రశ్నలు: స్పృహలో ఉన్నారా? ఊపిరి మామూలుగా ఉందా? రెంటికీ "లేదు" అని జవాబు వస్తే వెంటనే, "ఫోను స్పీకరులో పెట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి, ఛాతీ నడిమధ్య మణికట్టు వైపున్న అరచేతి భాగం ఆనించండి, నాతోపాటు లెక్కపెట్టండి" అని చెప్పి నొక్కించాలి. అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో 1980ల నుంచీ ఇది జరుగుతోంది. దీనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. ఫోను ఉన్న ప్రతి ఇంటికీ ఒక శిక్షకుణ్ని పంపినట్టవుతుంది.

కదిలే వాహనంలో సీపీఆర్ గురించి కూడా ఒక మాట. కారు సీటు మెత్తన. మీరు ఐదు సెంటీమీటర్లు నొక్కామనుకుంటారు, అందులో సగం సీటే మింగేస్తుంది. మలుపు వచ్చినప్పుడల్లా మీరే పడిపోతారు. వాహనం సిద్ధమయ్యే వరకు గట్టి నేల మీద ఆపకుండా నొక్కండి. తప్పనిసరిగా మీరే తీసుకువెళ్లాల్సి వస్తే వెనుక చదునైన చెక్క ఉన్న బండి మేలు. పెద్ద ఆసుపత్రి కోసం ఊరు దాటించకుండా, షాక్ యంత్రం ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

నడిరేయి
సైరన్‌మోత గారూ, మేము సరిగ్గా అదే తప్పు చేశాము. దారిలో రెండు చిన్న ఆసుపత్రులు దాటి వెళ్లాము. పెద్ద చోటుకు తీసుకువెళ్తేనే బతుకుతారని అందరమూ అనుకున్నాము.

నిక్కచ్చి
తీరంగాలి గారి వాదనతో నా అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. ఊపిరి అందక ఆగిన గుండెల విషయంలో నేను ఆలోచించలేదు. సైరన్‌మోత గారు చెప్పిన దగ్గరి ఆసుపత్రి మాట కూడా నా నలభై నిమిషాలను పదికో పన్నెండుకో తగ్గించవచ్చు. అలాంటప్పుడు మధ్యలో నొక్కే చేతులకు అర్థం ఉంది. అయితే నాది ఇంకో ప్రశ్న. ఏఈడీలను, అంటే ఏం చేయాలో తామే చెబుతూ షాక్ ఇచ్చే చిన్న యంత్రాలను, కార్యాలయాల్లో, రైల్వే స్టేషన్లలో పెడితే సరిపోదా? శిక్షణ లేనివారు కూడా అది చెప్పినట్టు చేయగలరు కదా?

గణాంకదీపం
జనం గుమికూడే చోట ఏఈడీ అద్భుతంగా పని చేస్తుంది. అమెరికాలో జూదగృహాల కాపలా సిబ్బంది చేతికి వాటిని ఇచ్చి చూస్తే, పడిపోయిన 3 నిమిషాల్లోపే షాక్ అందినవారిలో 74 శాతం బతికారు, ఆ తరువాత అందినవారిలో 49 శాతం బతికారు. ఆ ఫలితం 2000లో వచ్చింది. కానీ గుండె ఆగే సంఘటనల్లో మూడింట రెండు వంతులకు పైగా ఇళ్లలోనే జరుగుతాయి. గోడకు తగిలించిన పెట్టె ఇంటి పడకగదికి నడిచి రాదు.

తాళంచెవి
ఏఈడీ గురించి నా అనుభవం చెబుతాను. నేను ఇంతకుముందు పని చేసిన చోట ఒకటి కొన్నారు, ప్రారంభోత్సవం కూడా చేశారు. దొంగిలిస్తారన్న భయంతో ఒక గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఒక ఉద్యోగి దగ్గర ఉండేది. రాత్రి పాళీలో ఒక కాపలాదారు కుప్పకూలినప్పుడు ఆ ఉద్యోగి ఇంట్లో నిద్రపోతున్నారు. తాళం పగలగొట్టి తీసేసరికి పదిహేను నిమిషాలు. అప్పుడు చూస్తే ఛాతీకి అతికించే ప్యాడ్ల గడువు ఏడాది కిందటే ముగిసింది, జిగురు ఎండిపోయి చర్మానికి అంటుకోలేదు. ఆ కాపలాదారు దక్కలేదు. యంత్రం కొనేటప్పుడే దాని బ్యాటరీ, ప్యాడ్లు ఎవరు ఎప్పుడు చూస్తారో రాసి పెట్టని చోట దానిని కొనవద్దని నేను గట్టిగా చెబుతాను.

నిక్కచ్చి
ఇది చదివాక మాట రావడం లేదు.

మొలకవాన
సీపీఆర్, షాక్ యంత్రాల గురించి ఒక చిన్న చరిత్ర. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీ తెరవకుండానే బయటి నుంచి నొక్కి రక్తం ప్రవహింపజేయవచ్చని ప్రకటించారు. రెండు చేతులుంటే ఎవరైనా ఎక్కడైనా చేయవచ్చునన్నదే అందులోని ముఖ్యమైన మాట. ఆ దశాబ్దం మధ్యలో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ను, అంటే షాక్ ఇచ్చే యంత్రాన్ని, తయారుచేసి అంబులెన్సులో పెట్టారు. దాని బరువు దాదాపు 70 కిలోలు. 1967లో పిట్స్‌బర్గ్‌లోని పేద నల్లజాతి వాడల యువకులను, వారిలో చాలామంది ఉద్యోగం లేనివారు, వైద్యుడు పీటర్ సఫర్ మార్గదర్శనంలో అత్యవసర వైద్య సహాయకులుగా తీర్చిదిద్దారు. అమెరికాలో ఆధునిక అంబులెన్సు సేవకు పునాది వేసినవారిలో వారూ ఉన్నారు. వైద్యసేవ అందని వాడల్లోనివారే ఆ సేవను నిలబెట్టారు. "ధనిక దేశాల పద్ధతి" అన్న అధికారికి ఈ సంగతి చెప్పండి.

న్యాయరేఖ
జనం వెనుకాడటానికి ఇంకో కారణం ఉంది. చెయ్యి వేస్తే కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం. భారతదేశంలో సుప్రీంకోర్టు 2016 మార్చి 30న సాయం చేసినవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షను చేరింది. కానీ అవి రహదారి ప్రమాదాల బాధితులకు సాయపడేవారి గురించినవి. కార్యాలయంలోనో ఇంట్లోనో గుండె ఆగినవారికి సాయపడే మనిషి గురించి కూడా అంతే స్పష్టంగా రాయాలని నేను కోరుకుంటాను. చైనా పౌరస్మృతిలోని 184వ అధికరణం ఈ తేడా చూపదు. అత్యవసరంలో స్వచ్ఛందంగా కాపాడబోయి నష్టం కలిగించినా బాధ్యత ఉండదని అది సూటిగా చెబుతుంది.

రాత్రిడ్యూటీ
ఆ నష్టం దాదాపు ఎప్పుడూ పక్కటెముకలే. సరిగ్గా నొక్కితే విరగవచ్చు. మొదటిసారి అరచేతి కింద ఎముక చిట్లినప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు తెలిసి నా చేతులు ఆగిపోయాయి. పక్కనున్న సీనియరు నర్సు "ఆపకు, ఎముక అతుక్కుంటుంది" అని అరిచారు. అప్పటి నుంచి నేర్పేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఈ మాట ముందే చెబుతున్నాను. ముందే చెప్పకపోతే వారూ నాలాగే ఆగిపోతారు.

వెన్నెలమెట్టు
ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. మా అక్క బస్సులో కుప్పకూలితే చుట్టూ ఇరవై మంది ఉన్నారు. ఒక్కరూ ఛాతీ మీద చెయ్యి వేయలేదు. తరువాత ఒకాయన మా ఇంటికి వచ్చి, "నాకు సీపీఆర్ వచ్చమ్మా, ఆడమనిషి కదా అని వెనుకాడాను" అని ఏడ్చారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ బొమ్మలన్నీ మగవారి ఛాతీతో ఉండే శిక్షణలో ఈ జంకు ఎలా పోతుంది? బహిరంగ ప్రదేశాల్లో ఆడవారికి సీపీఆర్ అందడం మగవారి కంటే తక్కువని పాశ్చాత్య దేశాల అధ్యయనాలే చెబుతున్నాయి. శిక్షణలో నోరు తెరిచి ఈ మాట మాట్లాడాలి. అడ్డుగా చీర కొంగో దుప్పటో పట్టుకోమని పక్కవారికి చెప్పి మొదలుపెట్టవచ్చు, బట్ట మీదుగానే నొక్కవచ్చు.

బడిగంట
వెన్నెలమెట్టు గారూ, నేను నేర్పే ప్రతి తరగతిలో ఇకపై ఈ మాట ఉంటుంది.

రెండోఊపిరి
నా భర్త గుండె రెండేళ్ల క్రితం ఇంట్లో ఆగింది. మా అబ్బాయి పదిహేనేళ్లవాడు, బడిలో నేర్చుకున్నాడు. పదకొండు నిమిషాలు వాడొక్కడే నొక్కాడు. చెమట ముక్కు మీదుగా కారి తండ్రి ఛాతీ మీద పడుతూ ఉంది. ఎదురింటాయన వచ్చి చేతులు మార్చుకునే వరకు వాడు లెక్క ఆపలేదు. దగ్గరి ఆసుపత్రిలో షాక్ ఇచ్చారు. గుండె మళ్లీ కొట్టుకుంది.

అక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. రెండో రోజున ఒకరు వచ్చి, మెదడు దెబ్బతింది, ఖర్చు దండగ, ఇంటికి తీసుకువెళ్లడం మంచిదని చెప్పారు. డబ్బు లేని కుటుంబం ఆ మాటకు తలవంచేస్తుంది. ఇంకొక వైద్యురాలు మాత్రం, మూడు రోజులు గడవకుండా మెదడు గురించి ఖాయంగా చెప్పకూడదని, జ్వరం రాకుండా చూసుకుంటూ ఆగుదామని అన్నారు. ఐదో రోజున ఆయన నా వేలు పట్టుకున్నారు. ఇప్పుడు కొత్త పేర్లు త్వరగా గుర్తుండవు, అంతకు మించి లోటు లేదు. బతికేవారి లెక్కలో ఆసుపత్రి తలుపు దాటాక పోయేవారు కూడా ఉన్నారని, వారిలో కొందరిని తొందరపాటే తీసుకుపోతుందని చెప్పాలనిపించింది.

గణాంకదీపం
రెండోఊపిరి గారి మాటకు బలం చేకూర్చే విషయం ఒకటి. గుండె తిరిగి కొట్టుకున్నాక శరీరాన్ని 33 డిగ్రీలకు చల్లబరచే ఖరీదైన పద్ధతిని, జ్వరం రాకుండా చూసుకోవడంతో పోల్చిన పెద్ద పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఆరు నెలల తరువాత మరణాల్లో తేడా లేదు. చల్లబరచే యంత్రం లేదు కాబట్టి చేయగలిగింది లేదని ఏ చిన్న ఆసుపత్రీ అనుకోనక్కరలేదు.

ఇంకొక అవసరం లెక్క. నార్వేలోని ఉట్‌స్టైన్ మఠంలో 1990లో సమావేశమైన నిపుణులు గుండె ఆగిన సంఘటనలను ఎలా నమోదు చేయాలో ఒక పద్ధతి ఏర్పరిచారు. దానిని అనుసరించి వరంగల్‌లోనూ ఒక నమోదు ప్రయత్నం జరిగింది. అలాంటివి ప్రతి జిల్లాలోనూ కావాలి. ఇంట్లో పోయి ఇంటి నుంచే కాటికి వెళ్లినవారు ఏ లెక్కలోనూ చేరరు. లెక్కలో చేరనివారి కోసం ఎవరూ అంబులెన్సు కొనరు.

నడిరేయి
ఇవన్నీ రాసుకుని ఆ అధికారికి చూపించాను. రెండోఊపిరి గారు రాసినది ఆయన రెండుసార్లు చదివారు. వచ్చే శనివారం మొదటి జట్టుకు, పన్నెండు మందికి శిక్షణ. బొమ్మలు దొరికే వరకు గట్టి దిండ్లతో నేర్పిస్తామని శిక్షకురాలు అన్నారు. దగ్గరలో షాక్ యంత్రం ఉన్న ఆసుపత్రి ఏదో ఈ రోజే వెళ్లి కనుక్కున్నాను. నడిచి వెళ్తే తొమ్మిది నిమిషాలు. ఆ రోజు మేము దాటి వెళ్లినది అదే.

రాత్రిడ్యూటీ
శనివారం నేలమీదనే నేర్పించండి, బల్ల మీద వద్దు. మోకాళ్లు శరీరానికి ఆనాలి, మోచేతులు వంగకూడదు, నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120. ప్రతి ఒక్కరి చేత ఆపకుండా రెండు నిమిషాలు చేయించండి. ఒకటిన్నర నిమిషానికే చేతులు సడలడం వారికే తెలుస్తుంది, ఎందుకు మార్చుకోవాలో విడిగా చెప్పనక్కరలేదు. ఎగశ్వాస ఎలా ఉంటుందో శిక్షకురాలి చేత చేయించి చూపించండి.

నడిరేయి
అది నేను చేసి చూపిస్తాను. ఆ శబ్దం నాకు బాగా గుర్తుంది.